తెరచాప నేర్పే చదువు

ఇంజను ఓడలు ఉండగా తెరచాప ఓడ ఎందుకని మీకు అనిపించవచ్చు. మన నౌకాదళం 1997లో ‘తరంగిణి’ అనే శిక్షణ నౌకను ప్రవేశపెట్టింది. గోవాలో కట్టిన ఈ ఓడకు 3 స్తంభాలు, 20 తెరచాపలు ఉన్నాయి. 2003–04లో అది భూగోళాన్ని చుట్టి వచ్చింది.

దీనిపై యువ క్యాడెట్లు ఓడ నడపడం నేర్చుకుంటారు. ఇది వృథా ఖర్చు అంటే నేను ఒప్పుకోను. గాలి ఎవరి ఆజ్ఞకూ లోబడదు. దాని దిక్కు గమనించి తెరచాపలు సర్దుకోవాలి. మోకు లాగేటప్పుడు అందరి చేతులూ ఒక్కసారిగా కదలాలి. ఒకరు ఏమరితే అందరికీ ముప్పే. రాత్రిళ్లు వంతులవారీగా మేలుకోవాలి.

ఇవి పుస్తకం చదివినంత మాత్రాన రావు. అలాగని పుస్తకం అక్కరలేదా? పటం చూడడం, లెక్క కట్టడం రానివారు సముద్రంలో దారి తప్పుతారు. చేతిపని, చదువు రెండూ కలిస్తేనే విద్య పూర్తవుతుంది.

మరొక్క మాట. ఎదురుగాలిలో తెరచాప ఓడ నేరుగా పోలేదు. కాసేపు కుడికి, కాసేపు ఎడమకు మళ్లుతూ ముందుకు సాగుతుంది. బడి మానేసి, పనిచేసుకుంటూ మళ్లీ పుస్తకం పట్టిన మీకు ఈ సంగతి ఇతరులకన్నా బాగా తెలుసు. చుట్టుదారి పట్టినవారు వెనుకబడ్డారని అనుకోకండి.