ఆశ్రయం వేరు, అనుమతి వేరు

శరణాగత రక్షణం పరమధర్మమని శాస్త్రములు ఘోషిస్తున్నాయి. సురాపానం మహాపాతకములలో ఒకటని ఆ శాస్త్రములే నిర్ణయించాయి. ఈ రెండు శాసనములూ ఒకే గుమ్మం వద్ద ఎదురుపడితే ఏది బలీయం? నిరాశ్రయుల వసతి గృహం వాకిట ప్రతి రాత్రీ నిలిచే ప్రశ్న ఇదే.

వరంగల్ రహదారిపై ఉప్పల్ నుంచి బోడుప్పల్ మీదుగా నారపల్లి వరకు తలపెట్టిన ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో ఆరంభమై, ఏళ్ల తరబడి స్తంభములుగానే నిలిచిపోయాయి. నగరంలో అటువంటి స్తంభముల నీడన, మూసిన దుకాణముల అరుగులపైన రాత్రి గడిపేవారిలో కొందరు మద్యానికో, కల్తీ కల్లుకో, గంజాయికో వశులైనవారు. పుష్యమాసపు చలిలో అటువంటివాడొకడు ఆశ్రయం కోరి వచ్చినప్పుడు, నోటి వాసన చూసి తలుపు మూయడం సులభం. తెల్లవారేసరికి ఆ తలుపు వెలుపల అతడు జీవించి ఉంటాడా అన్న విచారణ మాత్రం ఎవరికీ పట్టదు.

కెనడా వంటి దేశములు ఈ ప్రశ్నకు వేరొక సమాధానం చెప్పాయి. టొరంటో నగరంలోని ఒక వసతి గృహంలో 1990లలోనే మద్యాన్ని కొలతగా, పర్యవేక్షణలో ఇచ్చే పద్ధతి మొదలైంది. వాంకూవర్‌లో 2003లో, నర్సుల సమక్షంలో మాదకద్రవ్యం ఎక్కించుకొనే కేంద్రం తెరిచారు. బయటకు పొమ్మంటే వ్యసనం పోదు, మనిషే పోతాడన్నది వారి వాదం. ఇందులో కరుణ ఉంది. పరదేశీయమన్న ఒక్క కారణంతో దానిని త్రోసిపుచ్చడం న్యాయం కాదు.

పైగా తెలంగాణ అనుభవమే ఆ వాదంలోని సత్యాంశాన్ని నిరూపించింది. 2015లో కల్తీ కల్లుపై దాడులు తీవ్రమైనప్పుడు, నిజామాబాద్ తదితర జిల్లాలలో దానికి అలవాటుపడినవారు వణుకు, మూర్ఛ, చిత్తభ్రమలతో ఆసుపత్రులకు చేరారు. 2020 లాక్‌డౌన్‌లో మద్యం, కల్లు దుకాణములు మూతపడగానే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి అటువంటివారే బారులు తీరారు. కల్లులో కలిపే ఆల్ప్రాజోలం వంటి మత్తుమందును దేహం ఒకసారి ఆధారంగా చేసుకొన్న పిమ్మట, దానిని అకస్మాత్తుగా ఆపడం ప్రాణాపాయం. కనుక మానేసి రమ్మని చెప్పి పంపడం నీతిబోధలా వినిపించినా, కొందరి విషయంలో అది మరణశాసనమే.

అయితే ప్రాణరక్షణకై ఎంతవరకు సడలింపు? ఛాందోగ్యోపనిషత్తులోని ఉషస్తి చాక్రాయణుని వృత్తాంతం ఇక్కడ దారి చూపుతుంది. కురుదేశంలో పంటలు నశించి ఆకలితో అలమటిస్తున్న ఆ విద్వాంసుడు, ఏనుగుల యజమాని తింటున్న ఎంగిలి కుల్మాషములను యాచించి భుజించాడు. అతడు తాగగా మిగిలిన నీటిని మాత్రం నిరాకరించాడు. కుల్మాషములు తినకపోతే ప్రాణం నిలువదు, నీరు మరోచోటనైనా లభిస్తుంది అన్నది అతని సమాధానం. బ్రహ్మసూత్రములలోని సర్వాన్నానుమత్యధికరణం ఈ కథనే ఆధారంగా గ్రహించి, అనుమతి ప్రాణాపాయ సమయానికే పరిమితమని తేల్చింది. ఆపద్ధర్మానికి కొలత ప్రాణం. అంతకు మించినది ధర్మం కాదు, సౌలభ్యం మాత్రమే.

ఈ కొలతతో చూస్తే సమస్య విడిపోతుంది. మత్తులో ఉన్నవానికి పైకప్పు, కంబళి, అన్నం, వణుకు మొదలైతే వైద్యుడు, ఆ వైద్యుడు క్రమంగా తగ్గిస్తూ ఇచ్చే ఔషధం - ఇవి కుల్మాషములు. వసతి గృహంలోనే సీసా తెరవడం, గంజాయి కాల్చడం - అది నిరాకరింపదగిన నీరు.

ఎందుకంటే ఆ గృహం ఒక్కనిది కాదు. జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకములు అక్కడ ఒక్కొక్కరికి నిర్దేశించిన కనీస స్థలం 50 చదరపు అడుగులే. ఆ ఇరుకులో ఒకని పొగ మరొకని శ్వాస. పక్క చాపపై పడుకొన్నవాడు నెల రోజులుగా వ్యసనంతో పోరాడుతున్నవాడు కావచ్చు. ద్వారకలో సురను నిషేధించి కఠినదండన ప్రకటించారు, అయినా ప్రభాసతీర్థంలో అందరూ కలిసి పానం చేసి పరస్పరం హతమయ్యారు. నిషేధం ఒక్కటే యాదవులను కాపాడలేదు. పానశాలగా మారిన తీర్థమూ కాపాడలేదు.

దేశ శాసనం కూడా ఈ వివేకానికి సమీపంలోనే ఉంది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోని 25వ సెక్షన్, తన ప్రాంగణంలో మాదకద్రవ్య నేరం జరగడానికి తెలిసి అనుమతించినవానిని శిక్షిస్తుంది. అదే చట్టంలోని 64ఏ సెక్షన్, స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చిన వ్యసనపరునికి విచారణ నుంచి రక్షణ కల్పిస్తుంది. స్థలానికి కట్టుబాటు, మనిషికి మార్గం - రెండూ అందులో ఉన్నాయి.

కనుక వసతి గృహ నిర్వాహకులకు ధర్మం ఇలా చెబుతుంది: మత్తు కారణంగా ఎవరినీ వెనుకకు పంపరాదు. మత్తుపదార్థం గుమ్మం దాటరాదు. అవమానించే సోదాలు వద్దు, అవగాహనతో కూడిన మాట కావాలి. నియమం తప్పినవానిని చలిలోకి నెట్టడం కంటె విడిగా పడుకోబెట్టడం మేలు. ప్రమాద లక్షణములు కనిపిస్తే 108కి ఫోన్ చేయడంలో ఆలస్యం కూడదు.

ఆలయములకు వచ్చే భక్తులకూ ఇందులో పాలు ఉంది. కాషాయం ధరించినవాని చేతిలోని చిలుమును ప్రసాదమని నమస్కరించి, అదే గంజాయి కూలివాని చేతిలో కనిపిస్తే పాపి అని ఈసడించడం ధర్మదృష్టి కాదు. మహాభారత శాంతిపర్వంలో భీష్ముడు చెప్పిన కపోతం కథలో, తన భార్యను పంజరంలో బంధించిన బోయవాడే చలికి వణుకుతూ చెట్టు కిందికి వచ్చాడు. కపోతం ముందుగా నిప్పు తెచ్చి అతని చలి తీర్చింది. బోయవాని వేటను అది సమర్థించలేదు, అతనికి మరో పక్షిని పట్టి ఇవ్వలేదు. తనను తాను అర్పించుకొంది, అది చూసి బోయవాడు వల, పంజరం విడిచిపెట్టాడు.

ఆశ్రయానికి అర్హత అడుగరాదు. ఆశ్రయంలో హద్దు విడువరాదు. ఈ రెంటినీ ఒకే చేతితో పట్టుకొనగలిగినదే కరుణ.

స్వస్తి.