30 రోజుల కరెంటు

మన ఏజెన్సీలో రేడియేషన్‌కి జనం పెట్టుకున్న పేరు ‘కరెంటు పెట్టడం’. తలలో గడ్డ ఉన్న పిల్లాడికి కరెంటు పెట్టాలి అనగానే తల్లికి గుండె ఆగినంత పనవుతుంది. ఆ ఒక్క మాటకే భయపడి పిల్లను ఇంటికి తెచ్చేసుకున్న వాళ్లు నాకు తెలుసు. అందుకే ముందు ఇది చెప్పాలి. అందులో షాక్ ఉండదు, కిరణాలు తగిలేటప్పుడు నొప్పి ఉండదు. ఎక్స్‌రే లాంటి కిరణాలే, కాకపోతే చాలా బలమైనవి. తల కదలకుండా వేడి నీళ్లలో మెత్తబరిచిన ప్లాస్టిక్ వలతో ముఖానికి అచ్చు తీసి మాస్క్ చేస్తారు. కిరణాలు వదిలే కొద్ది నిమిషాలు పిల్లాడు గదిలో ఒక్కడే ఉండాలి. మరీ చిన్నవాళ్లు కదలకుండా ఉండలేరు కాబట్టి రోజూ మత్తు ఇస్తారు, దానికి ముందు కొన్ని గంటలు కడుపు ఖాళీగా ఉంచుతారు.

పిల్లల మెదడులో వచ్చే క్యాన్సర్ గడ్డల్లో ఎక్కువగా కనబడేది మెడుల్లోబ్లాస్టోమా. తల వెనక భాగంలో, చిన్నమెదడులో వస్తుంది. ముందు ఆపరేషన్, తర్వాత మెదడుకీ వెన్నుపాముకీ రేడియేషన్, దానితో పాటు కీమో. ప్రమాదం తక్కువున్న పిల్లలకి మెదడు, వెన్ను మొత్తానికి 23.4 గ్రే, గడ్డ ఉన్న చోటికి కలిపి 54 గ్రే. రోజుకి 1.8 చొప్పున 30 రోజులు, వారానికి 5 రోజులు. అంటే 6 వారాలు. ఒకేసారి ఇచ్చేస్తే మంచి కణాలు తట్టుకోలేవు, అందుకే కొంచెం కొంచెంగా. మధ్యలో ఆపితే మిగిలిన గడ్డ కణాలు మళ్లీ పుంజుకుంటాయి.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. యూరప్‌లో పీనెట్-3 అనే పరిశోధన జరిగింది. రేడియేషన్ 50 రోజుల లోపు పూర్తయిన పిల్లల్లో 3 ఏళ్ల తర్వాత కూడా జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు 100కి 78 మంది పైనే. 50 రోజులు దాటిన వాళ్లలో 54 మంది దాకానే.

ఇప్పుడు మన సంగతి. మా పక్క ఊరి ఏడేళ్ల బాబుకి ఆపరేషన్ బాగానే అయింది. కార్డు మీద రేడియేషన్ ఫ్రీ. మూడో వారంలో తండ్రి పిల్లాణ్ని తీసుకుని కొండెక్కేశాడు. ఎందుకంటే పసుపు తవ్వే రోజులు, ఇంట్లో ఇంకో ఇద్దరు పిల్లలు, చేతిలో డబ్బు లేదు. సిటీలో రూమ్ అద్దె ఏ కార్డూ కట్టదు. ‘ఆపితే ఏమవుతుంది’ అని అక్కడ ఎవరూ అతనికి అర్థమయ్యే భాషలో చెప్పలేదు. అతనికి వచ్చింది కువి, తెలుగు అంతంతమాత్రం. మేం నలుగురం పోయి బతిమాలి మళ్లీ పంపేసరికి 16 రోజులు పోయాయి. ఆస్పత్రి కాగితంలో ‘తల్లిదండ్రులు సహకరించలేదు’ అని రాశారు. ఆ ముక్క చదివి నాకు ఒళ్లు మండింది.

జబ్బు తెలియడమే మన దగ్గర ఆలస్యం. దీనికి అందరూ దిసారిని తిడతారు గానీ, మా బాబుని పీహెచ్‌సీకి మూడుసార్లు తీసుకెళ్లారు. మన్యంలో తలనొప్పి, వాంతులు అంటే ముందు మలేరియా టెస్టే. చెయ్యాలి, తప్పు లేదు. కానీ జ్వరం లేకుండా, పొద్దున్న లేవగానే తలనొప్పి, వాంతులు, రోజులు గడిచినా తగ్గకపోవడం, తూలుతూ నడవడం, కొత్తగా మెల్లకన్ను రావడం, మెడ ఒక పక్కకి వాల్చడం, ఇవి కనబడితే మాత్రం తల స్కాన్ అడగండి. గట్టిగా అడగండి.

రేడియేషన్‌తో నష్టం లేదని నేను చెప్పను. ఎదిగే మెదడు మీద పడుతుంది కాబట్టి జ్ఞాపకం, చదువు నెమ్మదిస్తాయి, ఎత్తు తగ్గొచ్చు, హార్మోన్లు తగ్గొచ్చు. అందుకే మూడేళ్ల లోపు పిల్లలకి వీలైనంత వరకు కీమోతో నెట్టుకొచ్చి రేడియేషన్ వాయిదా వేస్తారు. చికిత్స అయ్యాక ఆశ్రమ పాఠశాలకి పోయిన పిల్లాణ్ని ‘మొద్దు’ అని కొట్టే సారుకి ఈ సంగతి ఎవరు చెప్తారు?

రైల్లో క్యాన్సర్ పేషెంట్‌కి స్లీపర్ టికెట్ ఉచితం, తోడు వెళ్లేవాళ్లకి 75 శాతం తగ్గింపు ఉంది. మంచిదే. కానీ మన ఊరి నుంచి రైలు దాకా ఎవరు తెస్తారు? మనం అడగాల్సింది ఆ 6 వారాల గురించి: ఆస్పత్రి పక్కనే ఉండటానికి చోటు, తోడున్న మనిషికి రోజు కూలి, కువి, ఆదివాసీ ఒడియా తెలిసిన ఒక మనిషి. పిల్లాడు రెండు రోజులు రాకపోతే ఊరికి ఫోన్ చేసే బాధ్యత ఆ మనిషిదే కావాలి.

ఈసారి ఐటీడీఏ గ్రీవెన్స్‌కి రోడ్డు అర్జీతో పాటు ఈ అర్జీ కూడా తీసుకుపోతున్నాం. సంతకాల కాగితం సంత రోజు నా దగ్గరే ఉంటుంది. బాబుకి ఇంకా 4 రోజుల కరెంటు మిగిలి ఉంది. ఈ వారం వాళ్ల నాన్న పసుపు మన కుర్రాళ్లే ఉడకబెడుతున్నారు.