టీక లేని కావ్యం, వ్యాఖ్య లేని కోడు

తెలుగు పండితుడికి ప్రోగ్రాముల గొడవ ఎందుకని మీలో సాఫ్ట్‌వేరు వృత్తివారు నవ్వుకోవచ్చు. నవ్విన తరువాతనే చదవండి.

మొన్న సంక్రాంతికి మా అబ్బాయి విస్సన్నపేట వచ్చాడు. పండుగపూట కూడా ల్యాప్‌టాపు ముందునుంచి లేవలేదు. జీతాల లెక్క కట్టే ప్రోగ్రాములో అనవసరమని తోచిన ఒక పంక్తిని తీసివేశాడట. నెల మధ్యలో చేరినవారి జీతాలన్నీ తారుమారయ్యాయట.

"అది ఎందుకుందో ఒక్క ముక్క రాసిపెట్టని మహానుభావుడెవరురా?" అన్నాను.

"నేనే నాన్నగారూ, ఆరేళ్ల కిందట" అన్నాడు.

అయినా, శుభ్రంగా రాసిన కోడుకు వ్యాఖ్య అక్కరలేదన్నదే వాడి వాదం. నేను ఒప్పను. ఏమి చేస్తుందో కోడే చెప్పగలదు. ఎందుకు చేస్తుందో, వేరొక విధంగా ఎందుకు చేయరాదో కర్త చెప్పవలసిందే. సంవత్సరానికి రెండంకెలే ఉంచిన పాత కోబాల్ ప్రోగ్రాములను తీసుకోండి. మెమరీ ఖరీదైన ఆ రోజులలో అది తప్పు కాదు, పొదుపు. కాని యంత్రం 2000ను 1900గా భ్రమించే ప్రమాదం ముంచుకొచ్చాక, ఆ అంకెలు ఎక్కడెక్కడ దాగి ఉన్నాయో 1990ల చివర పంక్తి పంక్తీ వెదకవలసి వచ్చింది. వెదికినవారిలో మన తెలుగు పిల్లలు ఎందరో! "ఈ లెక్క 1999 వరకే చెల్లును" అన్న ఒక్క వాక్యం వారికి ఎన్ని రాత్రుల నిద్ర మిగిల్చేదో!

అలాగని ప్రతి పంక్తికీ టీక రాయమనను. ఒకటి కలపమన్న ఆజ్ఞ పక్కన 'ఇక్కడ ఒకటి కలుపుతున్నాము' అని రాయడం చదువరిని అవమానించడమే. కోడు మార్చి వ్యాఖ్యను మార్చకపోవడం అంతకన్న ద్రోహం. మెదక్ సీమ కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి, కాళిదాస కావ్యాలకు సంజీవని వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేనిది రాయననీ, అవసరం లేనిది చెప్పననీ నియమం పెట్టుకున్నాడు. ప్రోగ్రామరుకు ఇంతకన్న శాసనం కావాలా?

కాళిదాసుకు శతాబ్దాల తరువాతనైనా మల్లినాథుడు దొరికాడు. మీ కోడుకు దొరకడు. కవీ మీరే, వ్యాఖ్యాతా మీరే కావాలి. మా వైపు రైతు మామిడితోటను కొడుకుకు అప్పగించేటప్పుడు ఏ చెట్టు ఏ అంటో, ఏ మూల నీరు నిలుస్తుందో చెప్పి మరీ అప్పగిస్తాడు. చదువుకున్నవారికి ఆపాటి బాధ్యత బరువా?

మా అబ్బాయి ఆ పంక్తిని తిరిగి చేర్చాడు. పైన కారణం కూడా రాశాడు, ఇంగ్లీషులో అనుకోండి. ఆ పోరు మరొక టపాలో.