రెండు విమానాశ్రయాల నడుమ రాచర్ల

కర్నూలు దగ్గరి ఓర్వకల్లు విమానాశ్రయానికీ కడప విమానాశ్రయానికీ గాలిలో దూరం దాదాపు 150 కిలోమీటర్లు. గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోయే చిన్న ఏటీఆర్ విమానానికి లెక్క ప్రకారం ఇరవై నిమిషాలైనా పట్టదు. గిద్దలూరు పక్కనున్న మా రాచర్ల మండలం ఈ రెండింటికీ తూర్పున, నల్లమల కొండలకు ఇవతల ఉంది. ఎటు పోవాలన్నా వంద కిలోమీటర్లకు పైనే రోడ్డు.

ఆ ఇరవై నిమిషాలు కాగితం మీదివే. విమానం రన్‌వే చివరికి చేరడం, పైకి లేవడం, దిగడానికి వరుస కుదరడం అన్నీ కలిపితే ఇంత చిన్న దూరానికీ ముప్పావు గంట వేసుకోవాల్సిందే. అనుకున్న ఎత్తుకు చేరుతూనే దిగడం మొదలుపెట్టాలి. ఇంధనం ఎక్కువ తాగేది పైకెక్కేటప్పుడే కాబట్టి, దూరం తగ్గేకొద్దీ కిలోమీటరు ఖర్చు పెరుగుతుంది. ఈ రెండింటి మధ్య నేరుగా విమానం లేకపోవడానికి పెద్ద కారణం అదే. చెన్నై మీదుగా పోదామంటే అక్కడికి సుమారు 370, అక్కడి నుంచి కడపకు 225, వెరసి 600 కిలోమీటర్లు ఎగరాలి. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కారులో అయితే మూడు నాలుగు గంటల్లో చేరిపోవచ్చు.

చిన్న ఊళ్లకు విమానాలు నడిపించడానికి 2016లో వచ్చిన కేంద్ర పథకం ఉడాన్ మొదట్లో 200 నుంచి 800 కిలోమీటర్ల మార్గాలకే సాయమిచ్చింది. కొండ ప్రాంతాలకూ దీవులకూ మాత్రం కింది హద్దు లేదు. 200 కిలోమీటర్ల ఆ కింది హద్దు సబబైనదేనని నా అభిప్రాయం. రోడ్డుతో తీరే దూరానికి ప్రజాధనంతో విమానం నడపక్కర్లేదు. నా పేచీ వేరే చోట ఉంది. 2017 ఏప్రిల్ 27న మొదలైన తొలి ఉడాన్ సర్వీసుల్లో కడప–హైదరాబాద్ ఒకటి. దాన్ని నడిపిన ట్రూజెట్ 2022లో మూతపడింది. ఓర్వకల్లు నుంచి 2021 మార్చి 28న బెంగళూరు, చెన్నై, విశాఖలకు విమానాలు మొదలయ్యాయి. పథకం సాయం ఒక్కో మార్గానికి మూడేళ్లే. ఆ తర్వాత సర్వీసు ఉంటుందో లేదో తెలియని ఊరివాళ్లు దాన్ని నమ్ముకుని ప్రయాణం ఎలా పెట్టుకుంటారు?

గిద్దలూరు, రాచర్ల పల్లెల నుంచి సైన్యంలో చేరినవాళ్లు ఎందరో ఉన్నారు. సెలవు మీద వచ్చే జవానుకు ప్రతి పూటా విలువైనదే. అతను ఉత్తరాది నుంచి హైదరాబాదుకు రెండు గంటల్లో ఎగిరి వస్తాడు. అక్కడి నుంచి ఇల్లు చేరడానికి రాత్రంతా బస్సులో కూర్చోవాలి. ఓర్వకల్లులో దిగే వీలున్నా, నంద్యాల చేరి, గాజులపల్లె నుంచి దిగువమెట్ట దాకా ఘాట్ దాటి, గిద్దలూరులో మళ్లీ బండి మారాలి. మధ్యలో ఒక్క బస్సు తప్పినా విమానంలో మిగిలిన సమయమంతా బస్టాండులో పోతుంది.

దొనకొండలో రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎయిర్‌స్ట్రిప్ ఉంది. దాన్ని విమానాశ్రయం చేయాలన్న కోరికలో న్యాయం ఉంది. పశ్చిమ ప్రకాశానికి ఇన్నేళ్లుగా దక్కింది తక్కువే. అయినా కొత్త రన్‌వే కంటే ముందు కావలసింది ఓర్వకల్లు విమానాల వేళలకు కుదిరేలా గిద్దలూరు నుంచి నంద్యాల మీదుగా ఒక ఆర్టీసీ బస్సు. 2016–17 బడ్జెట్‌లో మంజూరైన 401 కిలోమీటర్ల గుంటూరు–గుంతకల్లు రెండో లైను గిద్దలూరు మీదుగానే పోతుంది. అది పూర్తయ్యాక పెరిగే రైళ్లలో ఒకదాన్ని గిద్దలూరులో రాత్రిపూట ఎక్కి హైదరాబాదు చేరేలా నడపాలని మన ప్రజాప్రతినిధులు ఇప్పటి నుంచే రైల్వేను పట్టుబట్టి అడగాలి.