మన పిల్లలకు ఆలోచన లేదా? అడగనిస్తే కదా!



"ఏజెన్సీ పిల్లలు బట్టీ పడతారు, సొంతంగా ఆలోచించరు." ఈ మాట మీరూ వినే ఉంటారు.

రెండో తరగతిలో ఇంటి బొమ్మ వెయ్యమన్నారు. మా ఇల్లే వేశాను. కిందికి వాలిన గడ్డి కప్పు, ఎత్తు అరుగు, పక్కింటితో కలిసిన గోడ. "ఏట్రా ఇది? ఇల్లిలాగుంటాదా?" అని కొట్టేసి, బోర్డు మీద పెంకుటిల్లు, కొబ్బరిచెట్టు గీసి చూసి వెయ్యమన్నారు. మా కొండ మీద కొబ్బరిచెట్టే లేదు! ఆ రోజు నుంచి చూసి వెయ్యడమే నేర్చుకున్నాను.

చెప్పండి, ఆలోచన లేనిది ఎవరికి?

పిట్ట దారి చూసి ఉచ్చు పన్నే గుంటడు, ఏ ఆకు దేనికి పనికొస్తుందో చెప్పే గుంట బడిలో అడుగుపెట్టగానే మూగబోతున్నారు. 'ఎందుకు?' అన్న ప్రశ్న వాళ్లకు సవరలో పుడుతుంది. వినాల్సిన మేస్టారికి సవర రాదు.

ఇది కొత్త సంగతేం కాదు. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో మేస్టారుగా ఉంటూ సవర నేర్చుకున్నారు. సవరలో వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. ఏటా ఆగస్టు 29న, ఆయన పుట్టినరోజున, తెలుగు భాషా దినోత్సవం చేసి దండలేస్తారు. ఆ సవర బడుల ఊసు మాత్రం ఎత్తరు.

ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు ఉండాలని రాజ్యాంగం 350ఎ అధికరణం అంటోంది. ఉమ్మడి రాష్ట్రంలో సవరలోనూ వాచకాలు తెచ్చారు. వాచకం ఒక్కటే చాలదు, ఆ భాష మాట్లాడే మేస్టారు కావాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులు నూరు శాతం స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. అది ఉద్యోగాల గొడవేనని చాలామంది అనుకున్నారు. కాదు! ఒకటో తరగతి పిల్ల ప్రశ్నను వినే చెవి పోయింది.

తెలుగు వద్దని, ఇంగ్లీషు వద్దని మనం అనడం లేదు. రెండూ కావాలి. తెలిసిన భాషలో ఆలోచించడం వస్తేనే తెలియని భాష పట్టుబడుతుంది.

అందుకే స్థానిక గిరిజన టీచర్ల కోసం గట్టి చట్టం అడుగుదాం. వారానికో రోజు మన పెద్దలు బడికొచ్చి విత్తనం గురించి, వాగు గురించి, గోడ మీద వేసే బొమ్మల గురించి చెప్పాలని అడుగుదాం.

మనల్నీ అడుక్కుందాం. డిగ్రీ చదివిన మనం ఇంట్లో చిన్నోళ్లతో ఏ భాషలో మాట్లాడుతున్నాం? ఈ సాయంత్రం మీ వీధి పిల్లల్ని అరుగు మీద కూర్చోబెట్టండి. పాఠం చెప్పకండి. మన మాటలో ఒక ప్రశ్న అడిగి, వాళ్లు చెప్పేది చివరిదాకా వినండి.

జై ఆదివాసీ!