సాంగ్రియా కూజా, మన చలివేంద్రం



మొన్నటి సమావేశంలో మే నెల కలయిక గురించి మాట్లాడుకుంటుంటే మన కుర్రాళ్ళు ఒక మాట అన్నారు. "ఈసారి ఆ పొడి కలిపిన నారింజ నీళ్ళు వద్దు, పెద్దవాళ్ళకి సాంగ్రియా పెడదాం" అని. సగం మంది నవ్వారు, సగం మంది మొహం ముడుచుకున్నారు. ఆ రోజు ఏదీ తేలలేదు. అందుకే మా అభిప్రాయం తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాం.

ముందుగా ఆ పానీయాన్ని తిట్టబోవడం లేదు. సాంగ్రియా అంటే ఎర్ర వైన్‌లో నారింజ, నిమ్మ, ఆపిల్ ముక్కలు, కాస్త చక్కెర, ఐసు. కొందరు బ్రాందీ కూడా కలుపుతారు. స్పానిష్‌లో "సాంగ్రే" అంటే రక్తం, ఆ రంగును బట్టే ఆ పేరు. అయితే స్పెయిన్ వాళ్ళు వేసవిలో తమ కోసం ఎక్కువగా అడిగేది "తింతో దె వెరానో". అంటే వేసవి ఎర్ర వైన్. సగం వైన్, సగం సోడా, ఐసు, ఒక నిమ్మచెక్క, అంతే. కొర్దోబా, సెవిల్ వంటి ఊళ్ళలో జూలైలో ఎండ తరచుగా 40 డిగ్రీలు దాటుతుంది. అక్కడ సోడా కలిపి వైన్‌ను పలచన చేసుకుని, తిండితో పాటు నిదానంగా తాగుతారు. ఆ పద్ధతిలో ఒక వివేకం ఉంది, ఒప్పుకుంటాం.

కానీ వాళ్ళది పొడి ఎండ, మనది ఉక్క. అగ్ని నక్షత్రం రోజుల్లో టీ.నగర్‌లో రెండు వీధులు నడిస్తే చొక్కా పిండుకోవాలి. చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు, నీళ్ళూ ఉప్పూ మాత్రం పోతూనే ఉంటాయి. మద్యం మూత్రాన్ని పెంచి ఉన్న నీటిని ఇంకా లాగేస్తుంది. ఆ వేళ ఒంటికి కావలసింది ఉప్పు వేసిన మజ్జిగ, శొంఠీ మిరియం తగిలిన పానకం. మన పెద్దవాళ్ళు శ్రీరామనవమికి పానకం పంచిందీ, ఎండల్లో చలివేంద్రాలు పెట్టిందీ ఊరికే కాదు. ఇప్పటికీ చెన్నై వీధుల మూలల్లో "తణ్ణీర్ పందల్" అని కుండలు పెట్టేది అదే ధర్మం.

చట్టం సంగతి కూడా ఉంది. అనుమతి లేకుండా ఒక హాల్లో మద్యం పోయడం కుదరదు. 2023 ఏప్రిల్‌లో కల్యాణ మండపాల్లో కూడా ప్రత్యేక లైసెన్సుతో ఇవ్వవచ్చని ఉత్తర్వు వచ్చి, విమర్శలు రాగానే మండపాలను అందులోంచి తీసేశారు. ఈ రాష్ట్రంలో ఆ విషయం అంత సున్నితం.

అసలు కారణం మాత్రం ఇవేవీ కాదు. సమావేశం అయ్యాక ఒక సోదరి మెల్లగా వచ్చి అంది: "వాళ్ళాయన మానేసి నాలుగు నెలలే అయిందండీ. అక్కడ ఆ గ్లాసులు ఉంటే మేం రాం. రాకపోతే ఎందుకు రాలేదని అందరూ అడుగుతారు." ఆ మాట విన్నాక మాకు నిద్ర పట్టలేదు. మనలో చాలామంది నెల్లూరు వైపు వాళ్ళం. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణాన్ని ఎందుకు మూయించారో మనకి ఎవరూ చెప్పనక్కరలేదు. ఒక కుటుంబం గడప దగ్గరే ఆగిపోయే విందు మన సంఘం విందు ఎలా అవుతుంది?

అయితే కుర్రాళ్ళు అన్నదాంట్లో రెండు నిజాలున్నాయి. ఒకటి, క్లబ్బుల్లో తాగి వచ్చి ఇక్కడ నీతులు చెప్పే పెద్దలం మనలోనే ఉన్నాం. అది సిగ్గుపడవలసిన విషయమే. ఎవరింట్లో ఎవరు ఏం తాగుతారో సంఘానికి అక్కరలేదు. రెండు, మన పానీయాల బల్ల నిజంగానే నీరసంగా ఉంటోంది. ఒక కూజా చుట్టూ నలుగురూ చేరి, పండ్ల ముక్కలు ఏరుకుంటూ కబుర్లు చెప్పుకోవాలన్నదే వాళ్ళ కోరిక. అందులో తప్పేముంది?

కాబట్టి మా ప్రతిపాదన ఇది. కూజా ఉంచుదాం, వైన్ తీసేద్దాం. తేని జిల్లా కంబం లోయ పన్నీర్ ద్రాక్షకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇళ్ళలో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఆ జిల్లాలో ఇప్పటికీ ఉన్నాయి. కోయంబేడులో ఆ నల్లద్రాక్ష కొని, కాస్త నీళ్ళతో ఉడికించి, మెదిపి, వడకట్టి చల్లార్చితే రంగూ వాసనా ఏ వైన్‌కీ తీసిపోవు. సగం గ్లాసు రసం, సగం గ్లాసు సోడా, నిమ్మరసం, చిటికెడు ఉప్పు, నారింజ ముక్కలు, ఐసు. గ్లాసుకు 100 మిల్లీలీటర్ల చొప్పున నూరు గ్లాసులకు 10 లీటర్ల రసం చాలు. చక్కెర జబ్బున్నవాళ్ళకి పక్కనే మజ్జిగ కుండ. కలిపే బాధ్యత కుర్రాళ్ళకే ఇద్దాం, పేరు కూడా వాళ్ళే పెట్టనీ.

ఆ సోదరి కుటుంబం కూడా అదే కూజాలోంచి పోసుకుని తాగాలి. ఎవరి గ్లాసులో ఏముందని ఎవరూ తొంగి చూడనక్కరలేని సాయంత్రం కావాలి. మేం కోరేది అంతే. వచ్చే సమావేశంలో చేతులెత్తి తేల్చుకుందాం. అందరూ రండి.