పాత మందని పక్కన పెట్టొద్దు

‘ఖరీదైన కొత్త మందులకే తగ్గలేదు, చవకరకం పాత మాత్ర ఏం చేస్తుంది?’ కుంగుబాటుతో బాధపడుతున్నవారి ఇళ్లలో వచ్చే సందేహమిది. దీంతో డాక్టరు రాసిన చీటీ అలాగే ఉండిపోతుంది.

రెండు మందుల్ని సరైన మోతాదులో, తగినన్ని వారాలు వాడినా గుణం కనిపించకపోతే వైద్యులు దాన్ని మొండి కుంగుబాటుగా భావిస్తారు. అది రోగి తప్పు కాదు. అమెరికాలో సుమారు 4 వేల మందితో చేసిన ‘స్టార్-డి’ అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి. అందులో మొదటి మందుతో పూర్తిగా కోలుకున్నవారు మూడో వంతు మందే.

అలాంటప్పుడు అక్కరకొచ్చేవాటిలో పాత మందులూ ఉన్నాయి. ఇమిప్రమిన్ కుంగుబాటుకు పనిచేస్తుందని స్విట్జర్లాండ్ వైద్యుడు రోలాండ్ కూన్ 1957లోనే ప్రకటించారు. తర్వాత వచ్చిన అమిట్రిప్టిలిన్ ఇప్పటికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉంది. ధరా తక్కువే.

మరి వీటి వాడకం ఎందుకు తగ్గింది? పనిచేయక కాదు. నోరెండటం, మలబద్ధకం, మగత ఎక్కువ. గుండె లయ తప్పొచ్చు. అందుకే అవసరాన్ని బట్టి ముందు ఈసీజీ తీస్తారు. మోతాదు మించితే ప్రాణానికే ముప్పు. కాబట్టి మాత్రల డబ్బా ఇంట్లో మరొకరి దగ్గర ఉండటం మేలు.

ఇంకోమాట. మైగ్రేన్‌కో, నరాల నొప్పికో రాత్రిపూట 10 మి.గ్రా. అమిట్రిప్టిలిన్ వేసుకున్నవారు ‘అదీ వాడేశాం’ అనుకుంటారు. కుంగుబాటుకు కావాల్సిన మోతాదు అంతకన్నా చాలా ఎక్కువ. దాన్ని డాక్టరే మెల్లగా పెంచాలి.

ఫినెల్జిన్, ట్రానిల్‌సైప్రొమిన్ మరోరకం పాత మందులు. వీటిని వాడేవారు నిల్వ చీజ్ వంటివి తింటే రక్తపోటు అమాంతం పెరుగుతుంది. కొన్ని ఇతర మందులతో కలిస్తే ప్రమాదం. అందుకే రాసే వైద్యులూ తక్కువే. గిరాకీ లేని మందును తయారుచేసే సంస్థలూ తక్కువే. 2020లో బ్రిటన్‌లో ఫినెల్జిన్‌కు కొరత వచ్చింది. దాని మీదే ఆధారపడి నిలదొక్కుకున్నవారికి అది చిన్న కష్టం కాదు. ఇలాంటి మందులు హఠాత్తుగా ఆపకూడదు కూడా.

అందుకే ఈసారి మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా వాడిన మందుల పేర్లు, మోతాదు, ఎన్ని వారాలు వాడారో ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. ‘పాత మందుల్లో మాకు సరిపడేది ఉందా?’ అని అడగండి. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే మాత్రం ఆగొద్దు. ‘టెలి మానస్’ ఉచిత నంబరు 14416కు వెంటనే ఫోన్ చేయండి.